పల్లెబాటలు - మితవ్యయము

పల్లెకు బాట కావలెనా యను చర్చ ముగిసినది. ఎట్టి బాట వేసిన ప్రజాధనము సార్థకమగు ననునదియే నేటి ప్రశ్న. 2000 సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ప్రారంభమైనది మొదలు వేలకొలది గ్రామములకు బాటలు పడినవి. వానిని నిలుపుకొనుట వేసినంత సులభము కాదు.

టెండరునాడు చౌకగా గన్పట్టునదెల్ల చౌక కాదు. వేయుటకగు వ్యయమునకు తరువాతి మరమ్మతుల వ్యయమును గూర్చిన గాని నిజమైన వెల తేలదు. కొలది బండ్లు మాత్రమే నడచు బాటకు మంచి గ్రావెలు చాలును. కాని యది యెండకు దుమ్మై లేచును, వానకు కొట్టుకొనిపోవును. మరల పోసి చదును చేయువారు లేనిచో ఆ పొదుపు పొదుపు కాదు. కంకరపై పలుచని తారుపూత దుమ్ము నణచును, నీటిని దిగనీయదు. అయితే అంచులు చెదరిన వెంటనే అతుకు వేయవలెను. సిమెంటు కాంక్రీటునకు తొలి వ్యయ మధికము. అయినను మురుగు నిలుచు నడివీథికి అదియే తగును. ఏలయన, నీరు నిలిచినచోట తారు కంకరను వీడును.

సామగ్రికంటె ముందు నేలను జూడవలెను. నల్లరేగడి వానకు ఉబ్బి యెండకు బీటలువారును. అచట ముందుగా సున్నము గలిపి మట్టిని గట్టిపరచుట మేలు. రాయి దూరమైన డెల్టాలో రవాణా ఖర్చే భారమగును గావున, చేరువ దొరకు మట్టిని, ఇసుకను పరీక్షించి అడుగుపొరలకు వాడుకొనదగును. బరువు మోయునది క్రింది నేలయే యనియు, దానిని పొడిగా నుంచవలెననియు మెకాడమ్ పందొమ్మిదవ శతాబ్ది యారంభముననే బ్రిటనులో బోధించెను. ప్రక్కకాలువ లేని బాటకు ఏ పైపూతయు రక్ష కాదు.

బండ్ల సంఖ్యయే లెక్క కాదు. ఇరుసుబరువు రెట్టింపైనచో బాటకు గలుగు హాని సుమారు 16 రెట్లగునని 1958-60లో అమెరికాలోని ఇలినాయిలో జరిగిన పరీక్షలు దెలిపినవి. వంద ద్విచక్రవాహనములు చేయని చెరుపు ఒక్క ఇసుకలారీ చేయగలదు.

ఈ యోజన బాటలకు కంట్రాక్టరు పోషణబాధ్యత 5 ఏండ్లు. ఆపైన నెవరు? మన పాఠకులలో పెక్కురకు స్వగ్రామములు గలవు. ఊరికేగినపుడు బాట నలుపును జూచి సంతసించి యూరకుండక, ప్రక్కకాలువ యున్నదా, ఆరవయేట దీని మరమ్మతునకు పద్దు గలదా యని యడుగవలెనని కోరుచున్నాము.