మీకు తెలుసా? వోట్లతో తేలిన జూదము

అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున ఏటేటా జరుగుచున్న ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్’ అను పేకాట పోటీలకు, 1970లో బెన్నీ బినియన్ అను ద్యూతశాలాధిపతి తన హార్స్‌షూ కాసినోలో అంకురార్పణ చేసినప్పుడు, ప్రథమ విజేతను నిర్ణయించినవి పేకముక్కలు గావు, ఆటగాండ్ర వోట్లు! మీలో మేటి యెవడని అడుగగా తొలుత ప్రతివాడును తన పేరే చెప్పుకొనెననియు, పిదప రెండవ మేటి యెవడని అడుగవలసి వచ్చెననియు ఒక ముచ్చట ప్రచారములో నున్నది. నిజమో కల్పనయో గాని, జూదరుల స్వభావ మెరిగినవారికి నమ్మదగినదిగనే తోచును. ఎట్లయిన నేమి, టెక్సాస్ వాసి జానీ మాస్ రజతపాత్రను గైకొనెను. మరుసటి యేట, పందెపు బిళ్ళలన్నియు పోగొట్టుకొన్నవారు నిష్క్రమింపగా కడపట మిగిలినవాడే విజేత యను నియమ మేర్పడినది. విజేతకు కంకణము బహూకరించు ఆచారము 1976లో మొదలైనది.

2003లో టెన్నెసీకి చెందిన గణకుడు క్రిస్ మనీమేకర్ (ఇది మారుపేరు గాదు సుమా!) అంతర్జాలపు పోటీలో స్వల్పమైన రుసుముతో ఈ సిరీస్ ప్రధానపోటీకి ప్రవేశార్హత సంపాదించి, అందులో 25 లక్షల డాలర్లు గెలువగా, సామాన్యులు వెల్లువెత్తిరి, నాడు 839గా నున్న ఆటగాండ్ర సంఖ్య 2006 నాటికి 8,773 అయ్యెను. ప్రధానపోటీ ప్రవేశరుసుము మాత్రము 1972 నుండియు 10,000 డాలర్లే.