తెరపటము: సాధనవిధియు, బ్రామాణ్యవిచారమును

కంప్యూటరు తెరపై నొకానొక క్షణమునఁ గనఁబడు రూపమును యథాతథముగాఁ జిత్రముగ నిలుపుకొనుటను లోకమున స్క్రీన్‌షాట్ అని వ్యవహరింతురు. ఆ చిత్రమునకుఁ దెలుఁగున "తెరపటము" అను పేరు చక్కఁగా నొప్పును. తెర యనునది దేశ్యము, పటము తత్సమము. రెండును గూడిన మిశ్రసమాస మిది. తెరయు వస్త్రమే, పటశబ్దమునకును సంస్కృతమున మొదటి యర్థము వస్త్రమే. తరువాత వస్త్రముపై వ్రాసిన చిత్తరువునకును, నేఁడు చిత్రమాత్రమునకును నా శబ్దము తెలుఁగున రూఢమైనది. ప్రాచీనగ్రంథముల ప్రతిబింబములను, నిఘంటువులను తెరపైఁ జదువు పండితులు నానాఁటికిఁ బెరుగుచుండుటచేత, నీ పటమును దీయు విధమును, దీసినపిదప దానికిఁ గల ప్రామాణ్యమును విచారింపవలసి యున్నది.

తెలుఁగువారికి దీని యావశ్యకత యెట్లు గలిగెనో తెలియుటకుఁ గృష్ణామండలములోని పెదపారుపూడితో సంబంధము గల యొక యుదాహరణము చాలును. గుడివాడకు సమీపమునందలి యా గ్రామమున 1936లో జన్మించి 2024లో దివంగతులైన చెఱుకూరి రామోజీరావుగారు 1974లో విశాఖపట్టణమున "ఈనాడు" దినపత్రికను స్థాపించిరి. దినపత్రికలు కంప్యూటరు తెర కెక్కిన తొలికాలమునఁ దెలుఁగున యూనికోడు వాడుక ప్రబలి యుండలేదు. ఈనాడు మొదలగు పత్రికలు తమతమ ఫాంటులతోడనే తెరపైఁ గనఁబడుచుండెడివి. ఆ ఫాంటులందు రోమను అక్షరముల స్థానములలోఁ దెలుఁగు లిపిఖండములు, అనఁగాఁ దలకట్టు, గుడి, కొమ్ము మొదలగునవి, కూర్పఁబడి యుండెను. ఫాంటున్న తెరపై నది తెలుఁగు. ఫాంటు లేని తెరపై నర్థరహితమైన రోమను అక్షరముల గుంపు. వాక్యమును నకలు చేసి వేఱొకచోట నుంచినను నదియే గతి. ఒక్కొక్క పత్రిక కూర్పు ఒక్కొక్క విధము గనుక, వానిని యూనికోడులోనికి మార్చుటకు "పద్మ" వంటి సాధనములు పుట్టినవి. అట్టి సాధనము లేనివానికిఁ దాను జదివిన తెలుఁగును దెలుఁగుగా నిలుపుకొనుటకుఁ దెరపటమే శరణ్యమై యుండెను.

వ్యాకరణదృష్టితోఁ జూచిన నిందు వర్ణమునకును, లిపికిని గల భేదము స్పష్టమగును. 1991లో వెలువడిన యూనికోడు ప్రథమసంపుటియందే తెలుఁగు చేరినది. దానికి 128 స్థానముల పట్టిక కేటాయింపఁబడినది. యూనికోడు నిలుపునది వర్ణసంకేతమును; పట మనునది యాకృతిని మాత్రమే నిలుపును. పటములో ననఁగా నందలి ఫైలులోఁ గకారము లేదు. కకారపు టాకృతిలో నమరిన చుక్కలు మాత్రమే కలవు. కావున నందుఁ బదమును వెదకుటకుఁ గాని, పదముల నకారాదిగా నమర్చుటకుఁ గాని వీలుపడదు. చిత్రమునుండి యక్షరములను గుర్తించు సాధనములు గలవు. అవి యరసున్నలయెడ, శకటరేఫములయెడ, ఒత్తులయెడఁ బొరపడుట గలదు గనుక ఫలితమును మూలముతో సరిచూడక గ్రహింపరాదు.

అయినను, నాకృతియే ప్రధానమైనచోఁ బటమునకు సాటి లేదు. ప్రాచీనశాసనములయందలి ఴకారమునకు 2014లోను, ౚకారమునకు 2015లోను యూనికోడునఁ జోటు లభించినది. ఆ యక్షరములు లేని ఫాంటు గల యంత్రమున నా స్థానమునఁ గాళీ గడి మాత్రమే కనఁబడును. శాసనపాఠమును వ్రాసి పంపిన పండితుని తెరపై సరిగా నున్నది, యందుకొన్నవాని తెరపై గడిగా మాఱును. అట్టియెడఁ బాఠముతోడఁ దెరపటమును గూడఁ బంపినచో సందేహమున కవకాశ ముండదు.

ఇఁక సాధనవిధి. విండోస్ యంత్రముల మీటలపలకపై "ప్రింట్ స్క్రీన్" అను మీట యొకటి గలదు. 1981లో వెలువడిన ఐ.బి.యం. కంప్యూటరున షిఫ్టు మీటతోఁ గూర్చి దీనిని నొక్కినఁ దెరపై నున్న వ్రాఁత ముద్రణయంత్రముద్వారా కాగితముపై దిగుచుండెను. నేఁ డీ మీట దేనిని ముద్రింపదు. దర్భలను గోయువాఁ డను నవయవార్థము పోయి నేర్పరి యను నర్థమునఁ గుశలశబ్ద మెట్లు రూఢమాయెనో, యీ పేరు నట్లే రూఢమాయెను. దీనిని నొక్కినఁ దెర యంతయుఁ గ్లిప్‌బోర్డను తాత్కాలికస్థానమునఁ జేరును. పిదపఁ గంట్రోలు మీటతో "వి" మీటను నొక్కి, వ్రాయుచున్న పత్రమున నుంచవచ్చును. ఆల్టు మీటతోఁ గూర్చి నొక్కినఁ బనిచేయుచున్న గవాక్షము మాత్రమే గ్రహింపఁబడును. విండోస్ చిహ్నము గల మీటతోఁ గూర్చి నొక్కినఁ బటము చిత్రముల సంచిలో ఫైలుగా భద్రమగును. విండోస్ మీటను, షిఫ్టును, "యస్" మీటను గూర్చి నొక్కినఁ గావలసిన భాగమును గీఁత గీసి యెన్నుకొనవచ్చును. 2023 మొదలుకొని విండోస్ 11 యందుఁ బ్రింట్ స్క్రీన్ మీట యొక్కటియే యీ యెన్నిక సాధనమును దెఱచుచున్నది. ఆపిల్ వారి మాక్ యంత్రములందుఁ గమాండు, షిఫ్టు మీటలతో 3 అంకెను గూర్చినఁ దెర యంతయు, 4 అంకెను గూర్చిన నెన్నుకొన్న భాగమును బటమగును. 2018నుండి 5 అంకెను గూర్చిన నన్ని పద్ధతులు నొకచోటఁ గనఁబడును.

పటమును భద్రపఱచు రీతియు ముఖ్యమే. 1920 చుక్కల వెడల్పును, 1080 చుక్కల యెత్తును గల తెరపై మొత్తము 20,73,600 చుక్కలు గలవు. 1996లో నేర్పడిన పి.యన్.జి. పద్ధతి వీనిలో నొక్కదానినైనను జెఱుపక సంక్షేపించును. ఛాయాచిత్రముల కుద్దిష్టమైన జె.పి.ఇ.జి. పద్ధతి పరిమాణమును దగ్గించుటకై సూక్ష్మభేదములను ద్యజించును. దానిచే నక్షరముల యంచులు మసకబాఱును. ఇకారేకారములకు భేదము చిన్న యొంపులోఁ గల తెలుఁగులిపి కిది హానికరము. కావున వ్రాఁతకు మొదటి పద్ధతియే గ్రాహ్యము. తీయుటకు ముందుగాఁ బుటమును బెద్దదిగాఁ జేసికొనుటయు మంచిది.

ప్రామాణ్యవిచారమునఁ బరమావధానము వలయును. బ్రౌజరునందలి పరిశీలనసాధనముతోఁ దెరపై వాక్యమును క్షణములో మార్చి పటమును దీయవచ్చును. మూలము మాఱదు, పటమున దోషమును గనఁబడదు. కావున "తెరపై నిట్లు కనఁబడెను" అనుటకే పటము సాక్షి. "మూలమున నిట్లే కలదు" అనుటకు స్వతంత్రప్రమాణము గాదు. పాఠభేదమును నిరూపింపఁగోరు పండితుఁడు వివాదవాక్యమును మాత్రమే కత్తిరించి చూపుట చాలదు. పుటసంఖ్యయు, ముఖపత్రమును, ముద్రణసంవత్సరమును, గ్రంథ మున్న చోటును, దీసిన తేదియుఁ దెలుపవలయును. అప్పుడు చదువరి తానై మూలమును జేరి పరీక్షింపఁగలఁడు.

రాజశాసనమును నీ మార్గమునే యనుసరించినది. 2000వ సంవత్సరమున 1872 నాఁటి సాక్ష్యశాసనమునఁ జేర్పఁబడిన 65బి విభాగము, ఎలక్ట్రానికు సాక్ష్యమునకు ధ్రువపత్రమును విధించెను. మూలయంత్రమునే సమర్పింపనిచో నది యావశ్యకమని 2020లో సర్వోన్నతన్యాయస్థానము నిర్ణయించెను. 2024 జూలై 1 నుండి యమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 63వ విభాగ మీ విషయమును జెప్పుచున్నది. పెదపారుపూడి మండలపు రైతు "మీభూమి" తెరపైఁ దన పొలముయొక్క యడంగలును జూచి పటమును దీసికొనవచ్చును. అది యా దినమున నతఁడు చూచినదానికి జ్ఞాపకముగా నుపకరించును. పిమ్మట నమోదు మాఱినను బటము మాఱదు. కాని హక్కునకు వివాదము గలిగిననాఁ డధికారి ధ్రువీకరించిన నకలునకు బదులుగాఁ బటమును నమ్మి యుండరాదు.

పరుల పేళ్లు, సంఖ్యలు గల పటమును బంపుటకు ముందు వానిని గట్టి నలుపుతో మఱుఁగుపఱుపవలయును, మసకచేయుట చాలదు. కత్తిరించుటయు నొక్కొకయెడఁ జాలదు: విండోస్ 11 కత్తిరింపు సాధనమునఁ దొలఁగించిన భాగపు శేషము ఫైలులో మిగులు దోష మొకటి 2023లో బయటపడి సరిదిద్దఁబడినది.

కాఁబట్టి శబ్దము వలసినచో నక్షరములనే నకలు చేయవలయును. ఆకృతి వలసినచోఁ బటమును దీయవలయును. నిర్ణయము వలసినచో రెంటిని మూలముతోఁ జేర్చి చూపవలయును. ఈ భేద మెఱిఁగిన పండితుని చేతిలోఁ దెరపటము తాళపత్రపుఁ బ్రతికి నకలువలె నుపయోగపడును; ఎఱుఁగనివాని చేతిలో నది యపపాఠములను వ్యాపింపఁజేయును.