రెండే అంకెలు, ఎనభై ఒక్క గళ్ళు

ఒక కాగితమూ పెన్సిలూ తీసుకోండి. రబ్బరు కూడా దగ్గర పెట్టుకోండి. అడ్డంగా 9, నిలువుగా 9 గళ్ళు వచ్చేలా ఒక చదరం గీయండి. మొత్తం 81 గళ్ళు. ప్రతి మూడు గళ్ళకూ ఒకసారి గీతను లావుగా దిద్దితే ఆ చదరం 9 పెట్టెలుగా విడిపోతుంది. ఒక్కొక్క పెట్టెలో 9 గళ్ళు ఉంటాయి. ఇప్పుడు పైనుంచి అయిదవ అడ్డు వరుసలో, ఎడమనుంచి మూడవ గడిలో 1 వేయండి. ఆరవ అడ్డు వరుసలో ఏడవ గడిలో 2 వేయండి.

అంతే. పజిల్ తయారయింది! మిగిలిన 79 గళ్ళూ మీరే నింపాలి. ఊహించి వేయకూడదు సుమా. ఒక్కొక్క అంకెకూ "ఇది ఇక్కడే ఉండాలి, ఇంకెక్కడా ఉండటానికి వీల్లేదు" అని కారణం చెప్పి మరీ వేయాలి.

ఇదేదో వేళాకోళంలా ఉందే అనిపిస్తోందా? 2020 మే నెలలో ఇంగ్లండులో సైమన్ ఆంథొనీ అనే ఆయనకు కూడా సరిగ్గా అలాగే అనిపించింది. ఆయన సామాన్యుడు కాడు. ప్రపంచ సుడోకు పోటీలలో బ్రిటన్ తరఫున పాల్గొన్నవాడు. తన మిత్రుడు మార్క్ గుడ్‌లిఫ్‌తో కలిసి రోజూ కఠినమైన పజిళ్ళను పరిష్కరిస్తూ, తన ఆలోచనను పైకి చెబుతూ వీడియోలు తీసేవాడు. మిచెల్ లీ అనే పజిల్ రచయిత తయారుచేసిన ఈ చదరాన్ని చూడగానే, ఎవరో తనను ఆటపట్టిస్తున్నారనీ, రెండు నిమిషాల్లో చేతులెత్తేయడం ఖాయమనీ ఆయన అనుకున్నాడు.

ఆ తరువాత ఏమయిందో చెప్పేముందు ఆట నియమాలు చూద్దాం.

మామూలు సుడోకు సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ప్రతి అడ్డు వరుసలోనూ, ప్రతి నిలువు వరుసలోనూ, ప్రతి పెట్టెలోనూ 1 నుంచి 9 వరకు అంకెలు ఒక్కొక్కసారే రావాలి. పేరు జపానుదే గాని పుట్టింది జపానులో కాదు. 1979లో అమెరికాలో హోవార్డ్ గార్న్స్ అనే విశ్రాంత వాస్తుశిల్పి తయారుచేసిన పజిల్ ఇది. 1984లో జపాను చేరి కొత్త పేరు పెట్టించుకున్నది. 2004లో లండన్‌లోని టైమ్స్ పత్రికలో అచ్చయిన తరువాత ప్రపంచమంతా పాకింది.

మన పజిల్‌లో ఈ మామూలు నియమాలకు తోడు మరో మూడు నియమాలున్నాయి. చదరంగం ఆడేవారికి ఇవి వెంటనే పట్టుబడతాయి.

మొదటిది రాజు నియమం. చదరంగంలో రాజు ఏ దిక్కుకయినా ఒక గడి జరుగుతాడు గదా. ఒక అంకె ఉన్న గడినుంచి రాజు ఒక్క ఎత్తులో చేరగలిగే ఏ గడిలోనూ మళ్ళీ అదే అంకె ఉండకూడదు. అంటే మూలమూలకు తగిలే గళ్ళలో కూడా ఒకే అంకె రాకూడదన్నమాట. రెండవది గుర్రం నియమం. గుర్రం రెండు గళ్ళు ముందుకు వెళ్ళి ఒక గడి పక్కకు దూకుతుంది. అలా దూకి చేరే గళ్ళలోనూ అదే అంకె ఉండరాదు. మూడవది అసలైన చమత్కారం. పక్కపక్కనగాని, పైనా కిందాగాని ఆనుకుని ఉన్న రెండు గళ్ళలో వరుస సంఖ్యలు రాకూడదు. 4 పక్కన 3 గాని 5 గాని ఉండకూడదు. (1కీ 9కీ మధ్య ఈ పేచీ లేదు, అవి వరుస సంఖ్యలు కావు. మూలమూలకు తగిలే గళ్ళకు కూడా ఈ మూడవ నియమం వర్తించదు.)

సరే, మొదలుపెడదామా? చదరం నడిమి భాగాన, అంటే 4, 5, 6 అడ్డు వరుసల్లో, మూడు పెట్టెలున్నాయి. వాటిని ఎడమ పెట్టె, నడిమి పెట్టె, కుడి పెట్టె అందాం. మనం వేసిన 1 ఎడమ పెట్టెలో ఉన్నది. 2 కుడి పెట్టెలో ఉన్నది.

నడిమి పెట్టెలో 1 ఎక్కడుంటుంది? అయిదవ అడ్డు వరుసలో 1 ఇప్పటికే ఉంది. కనుక ఆ వరుసలోని మూడు గళ్ళూ పోయాయి. మన 1కి మూలగా తగిలే గళ్ళు నడిమి పెట్టెలో రెండున్నాయి. ఎడమ వైపు పై మూల, కింది మూల. రాజు నియమం ప్రకారం అవీ పోయాయి. మన 1నుంచి గుర్రం దూకితే నడిమి పెట్టెలో పై వరుస మధ్య గడికీ, కింది వరుస మధ్య గడికీ చేరుతుంది. అవీ పోయాయి. మిగిలినవి రెండే గళ్ళు, కుడివైపు పై మూల, కుడివైపు కింది మూల. ఆ కింది మూల పక్కనే మన 2 కూర్చుని ఉంది. 2 పక్కన 1 ఉండకూడదు. కాబట్టి నడిమి పెట్టెలో 1 ఉండేది కుడివైపు పై మూలలోనే! అంటే నాలుగవ అడ్డు వరుసలో ఆరవ గడి. వేసేయండి.

ఇక కుడి పెట్టె. నాలుగవ వరుసలో ఇప్పుడే 1 వేశాం, అయిదవ వరుసలో ముందే ఉంది. కాబట్టి కుడి పెట్టెలోని 1 ఆరవ వరుసలోనే ఉండాలి. అక్కడ మొదటి గడిలో 2 ఉన్నది. దాని పక్క గడిలో 1 పనికిరాదు. మిగిలింది చివరి గడి. అక్కడ 1 వేయండి.

ఇప్పుడు 2 సంగతి. నడిమి పెట్టెలో 2 ఆరవ వరుసలో ఉండకూడదు. అయిదవ వరుసలో చూస్తే, మొదటి గడి ఎడమ పెట్టెలోని 1ని ఆనుకుని ఉంది, మధ్య గడికి మన 2నుంచి గుర్రం దూకుతుంది, మూడవ గడి ఇప్పుడు వేసిన 1కి సరిగ్గా కింద ఉన్నది. మూడూ పోయాయి! నాలుగవ వరుసలో మధ్య గడి 1 పక్కన ఉంది. మిగిలింది ఎడమవైపు పై మూల ఒక్కటే. 2 అక్కడికే పోవాలి. ఇక ఎడమ పెట్టెలో 2 అయిదవ వరుసలోనే ఉండాలి గదా. మధ్య గడి 1ని ఆనుకుని ఉంది, కాబట్టి మొదటి గడిలో వేయక తప్పదు.

చూశారా! రెండు అంకెలతో బయలుదేరినవాళ్ళం ఆరు అంకెలకు చేరుకున్నాం. ఎక్కడా ఊహించలేదు. తరువాతి అడుగు మీకే వదిలేస్తున్నాను. పైనుంచి మూడవ అడ్డు వరుసలో 1 ఏ గడిలో ఉంటుంది? జాగ్రత్తగా చూస్తే తొమ్మిది గళ్ళలో ఎనిమిది కొట్టుకుపోతాయి.

సైమన్ కూడా ఇలాగే ఒక్కొక్క అంకె వేస్తూ పోయాడు. మొదట అనుమానం, తరువాత ఆశ్చర్యం. ఒక అంకె దొరికినప్పుడల్లా ఇక ఇక్కడితో ఆగిపోతుందేమో అనుకోవడం, అది ఆగకపోవడం. సగం దారిలో ఆయన గొంతు మారిపోయింది. విశ్వమే మనకు పాట పాడుతున్నట్టుందని ఆయన అన్న మాట అప్పుడు పత్రికలకు కూడా ఎక్కింది. దాదాపు 25 నిమిషాల ఆ వీడియోను లక్షలాదిమంది చూశారు. కోవిడ్ వల్ల జనం ఇళ్ళలోనే ఉండిపోయిన రోజులవి. సుడోకు ముఖం ఎరుగనివారు కూడా, ఒక మనిషి కుర్చీలో కూర్చుని అంకెలు వేయడాన్ని చివరిదాకా కళ్ళార్పకుండా చూశారు! ఆయనకు సమాధానం దొరకడంకన్నా, "ఇది అసాధ్యం" అని నమ్మిన మనిషి తన తర్కం చేతనే మనసు మార్చుకోవడం చూడటానికే వారంతా కూర్చున్నారని నా ఉద్దేశం. ఈ పజిల్‌కు "మిరకిల్ సుడోకు" అనే పేరు స్థిరపడింది. మిరకిల్ అంటే అద్భుతం.

కాని సైన్సు చదివే మనం అద్భుతం అన్నమాటతో సరిపెట్టుకోకూడదు. రెండంకెలు ఎలా సరిపోయాయి?

మామూలు సుడోకులో ముందుగా కనీసం ఎన్ని అంకెలు ఇస్తే ఒకే ఒక్క సమాధానం వస్తుంది? 17. పదహారు ఇస్తే చాలదని 2012 జనవరిలో డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన గ్యారీ మెక్‌గ్వయర్ బృందం ప్రకటించింది. అందుకోసం వారు అనేక కంప్యూటర్లను కలిపి, మొత్తం సుమారు 70 లక్షల గంటల లెక్క చేయించారు. ఎందుకంత శ్రమ అంటే, మామూలు నియమాలతో 81 గళ్ళు నింపే విధానాలు 6,670,903,752,021,072,936,960 ఉన్నాయి మరి! 2005లో ఫెల్గెన్‌హవర్, జార్విస్ అనే ఇద్దరు లెక్కతేల్చిన సంఖ్య ఇది.

పదిహేడు సంగతి కంప్యూటర్లకు వదిలినా, రెండు అంకెలు చాలవని మీరే నిరూపించవచ్చు. మామూలు సుడోకులో 1, 2 మాత్రమే ఇచ్చారనుకోండి. మీరు ఎలాగో ఒక సమాధానం సాధించారు. అందులో 8 ఉన్నచోటల్లా 9, 9 ఉన్నచోటల్లా 8 వేయండి. నియమాలు ఏమయినా చెడ్డాయా? లేదు. అదీ సమాధానమే! అలాగే 3 నుంచి 9 వరకు ఏడు అంకెలనూ ఎలా తారుమారు చేసినా సమాధానమే. ఈ మార్పిళ్ళతోనే 5040 సమాధానాలవుతాయి. మామూలు సుడోకులో అంకెలు నిజానికి అంకెలు కావు, గుర్తులు మాత్రమే. వాటికి బదులు మామిడి, జామ, అరటి అంటూ తొమ్మిది పళ్ళ బొమ్మలు వేసినా ఆట మారదు.

మన పజిల్‌లో అలా కుదరదు. 8 పక్కన 7 రాకూడదని అనగానే 8 నిజంగా ఎనిమిది అయిపోయింది. దానికి చిన్నదీ పెద్దదీ, చుట్టాలూ పొరుగువాళ్ళూ ఏర్పడ్డారు. అంకెలను మార్చబోతే ఎక్కడో ఒకచోట పొరుగువాళ్ళు పేచీ పెడతారు. ఖాళీగా కనిపించే గళ్ళు నిజానికి ఖాళీవి కావు. నియమాలే అక్కడ కనిపించకుండా కూర్చుని పనిచేస్తున్నాయి.

మరి అంత బలమైన నియమాలుంటే రెండంకెలు కూడా ఎందుకు, ఒకటి చాలదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. 2 తీసేసి 1 మాత్రమే ఉంచామనుకోండి. పూర్తయిన చదరాన్ని నీటి ఒడ్డున నిలబెట్టి నీడను చూసినట్లు తలకిందులు చేయండి. మొదటి వరుస తొమ్మిదవదవుతుంది, రెండవది ఎనిమిదవదవుతుంది. అయిదవ వరుస మాత్రం కదలదు. మన 1 అయిదవ వరుసలో ఉంది కనుక దాని చోటు మారలేదు. రాజుకూ గుర్రానికీ పైనా కిందా ఒకటే. పొరుగువాళ్ళు పొరుగువాళ్ళే. కాబట్టి తలకిందుల చదరం కూడా సరయిన సమాధానమే. ఒక్క 1తో కనీసం రెండు సమాధానాలు వచ్చాయన్నమాట. ఈ రెండింటిలో ఏది మనదో తేల్చేది ఆ 2. అసలు చదరంలో అది ఉన్న గడిలోకి, తలకిందులు చేస్తే 5 వస్తుంది.

ఇక సమాధానం. స్వయంగా సాధించాలనే పట్టుదల ఉన్నవారు పుస్తకం ఇక్కడ మూసివేయండి. సాధించాక వచ్చి సరిచూసుకోండి.

4 8 3   7 2 6   1 5 9
7 2 6   1 5 9   4 8 3
1 5 9   4 8 3   7 2 6

8 3 7   2 6 1   5 9 4
2 6 1   5 9 4   8 3 7
5 9 4   8 3 7   2 6 1

3 7 2   6 1 5   9 4 8
6 1 5   9 4 8   3 7 2
9 4 8   3 7 2   6 1 5

మొదటి అడ్డు వరుసను ఒక్కసారి పరిశీలించండి. 4కు 4 కలిపితే 8. 8కి 4 కలిపితే 12. గడియారంలో 12 దాటితే మళ్ళీ 1 వచ్చినట్లు, ఇక్కడ 9 దాటితే 1 నుంచి లెక్కించండి. 12కు బదులు 3 వస్తుంది. 3కు 4 కలిపితే 7. 7కు 4 కలిపితే 11, అంటే 2. అలా చివరిదాకా సరిపోతుంది. చివరి 9కి 4 కలిపితే మళ్ళీ మొదటి 4 వచ్చేస్తుంది! రెండవ వరుస చూడండి. అదే గొలుసు, 7 దగ్గర మొదలయింది. మూడవది 1 దగ్గర, నాలుగవది 8 దగ్గర. తొమ్మిది వరుసలూ ఒకే గొలుసు. దానిని తొమ్మిది చోట్ల తెంపి పరిచారు, అంతే. రెండు అంకెలనుంచి మొదలుపెట్టి, కారణాలు మాత్రమే చెప్పుకుంటూ పోతే చివరికి ఇంత క్రమం బయటపడుతుందని ముందుగా ఎవరు అనుకుంటారు? సైమన్ గొంతు మారడంలో వింతేమీ లేదు.

ఒక పని మిగిలింది. ఈ చదరంలోని ప్రతి అంకెకూ 1 కలపండి. 9 ఉన్నచోట 1 వేయండి. కొత్త చదరం వస్తుంది. అందులోనూ నియమాలన్నీ సరిపోతాయి. 1, 2 ముందుగా ఇచ్చిన చోట్ల మాత్రం వేరే అంకెలుంటాయి. మళ్ళీ 1 కలపండి, మరొకటి వస్తుంది. ఇలా మొత్తం తొమ్మిది చదరాలు. 8 ఉన్న గడి 9 అవుతుంది, 9 ఉన్న గడి 1 అవుతుంది గదా, అలాంటప్పుడు మూడవ నియమం ఎక్కడా ఎందుకు చెడలేదు? కారణం కనుక్కోండి. పై చదరంలో 1, 9 ఎక్కడయినా ఆనుకుని ఉన్నాయేమో వెతికి చూడండి, దారి దొరుకుతుంది.