చేతిలో తెర, మాంట్రియల్‌లో మెదడు

2011లో విద్యార్థుల కోసం వచ్చిన చవక టాబ్లెట్ ‘ఆకాశ్’ పేరు మోగని కాలేజీ లేదు. దాని పూర్వీకుణ్ణి మాత్రం మనలో పట్టించుకున్నవాళ్లు తక్కువ. కళ్లజోడు పెట్టెలా మూతపడే ఆ పరికరం పేరు పాకెట్‌సర్ఫర్. నెట్‌లో పేజీలు చూడటం, మెయిల్ చదవడం, అంతే దాని ఉద్యోగం.

తయారుచేసింది డేటావిండ్. రాజా సింగ్ తులి, సునీత్ సింగ్ తులి అనే అన్నదమ్ములు 2000లో కెనడాలోని మాంట్రియల్‌లో పెట్టిన కంపెనీ అది. అంతకుముందు వాళ్లు ఇంజినీరింగ్ డ్రాయింగుల కోసం వెడల్పాటి ఫ్యాక్స్ యంత్రాలు, స్కానర్లు చేసేవారు. బల్లంత నక్షాను టెలిఫోన్ లైన్లోంచి పంపాలంటే ముందు దాన్ని కుదించాలి. ఆ విద్యనే తర్వాత వెబ్ పేజీల మీద ప్రయోగించారు.

అప్పటి మొబైల్ నెట్ అంటే జీపీఆర్‌ఎస్. సెకనుకు 40 కిలోబిట్లు వస్తే మహాభాగ్యం. 500 కిలోబైట్ల పేజీ అంటే 4,000 కిలోబిట్లు, దించుకోవడానికే 100 సెకన్లు. పైగా పేజీ ఒక్క ముద్దగా రాదు. ఒక్కో బొమ్మను, ఒక్కో ఫైలును విడిగా అడిగి తెచ్చుకోవాలి. జీపీఆర్‌ఎస్‌లో ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికే సెకను దాకా పట్టేది. ముప్పై ముక్కలున్న పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు.

పాకెట్‌సర్ఫర్ ఈ చాకిరీని తన నెత్తిన వేసుకోలేదు. మీరు అడ్రసు కొడితే ఆ కోరిక కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. వేగమైన లైన్ మీదున్న ఆ సర్వర్ ముక్కలన్నీ పోగుచేసి, పేజీని అక్కడే కూర్చి, చిన్న తెరకు సరిపడేంత మేరకు నలిపి ఒక్క మూటగా పంపుతుంది. 640 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు ఉన్న తెర మీద దాన్ని పరచడమే చేతిలోని పరికరం పని. పేజీని 30 రెట్ల దాకా కుదించగలమని కంపెనీ చెప్పుకుంది. అదే నిజమైతే ఆ 100 సెకన్లు మూడు నాలుగుకు దిగుతాయి. అందుకే పరికరంలో ఖరీదైన ప్రాసెసర్ అక్కర్లేకపోయింది. ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది: మీరు చూసే ప్రతి పేజీ ముందు మధ్యవర్తి కళ్లబడుతుంది.

ఈ తెలివంతా సర్వర్‌లో ఉంది కాబట్టి, దానికోసం ప్రత్యేకంగా ఒక పరికరం కొనాల్సిన పనేముంది? 2006లో ప్రపంచమంతా విడుదలైన ఒపెరా మినీ ఇదే పనిని మామూలు ఫోన్లో, ఉచితంగా చేసిపెట్టింది. మరుసటి ఏడాది ఐఫోన్ వచ్చింది. నా లెక్కన పాకెట్‌సర్ఫర్ కథ అక్కడే ముగిసింది.

కంపెనీ కథ మాత్రం మన గడప తొక్కింది. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో డేటావిండ్ వారి ఆకాశ్‌ను ఆవిష్కరించారు. దాన్ని బిగించింది హైదరాబాద్‌లోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్. ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2. తెర రెసిస్టివ్ రకం: పై పొర వంగి కింది పొరకు తగిలితేనే వేలు పడినట్టు లెక్క. తాకితే చాలదు, నొక్కాలి.

నన్ను విస్మయపరిచేది మరొకటి. సన్నటి జీపీఆర్‌ఎస్‌లోంచి నెట్ పిండటమే ప్రత్యేకతగా బతికిన కంపెనీ విద్యార్థుల చేతికిచ్చిన ఆకాశ్‌లో జీపీఆర్‌ఎస్ లేదు. వైఫై ఒక్కటే. ఆ రోజుల్లో ఎన్ని కాలేజీల్లో వైఫై ఉండేదో అప్పట్లో చదువుకున్నవాళ్లను అడగండి. సిమ్ పెట్టుకునే యూబీస్లేట్‌ను బజారులో 2,999 రూపాయలకు అమ్మజూపారు. చవక అన్న మాట చుట్టూ జరిగిన హడావిడిలో అసలు చవకదనం ఎక్కడినుంచి వచ్చిందో మరుగున పడింది. క్వాడ్‌తో డేటావిండ్‌కు తగాదా వచ్చింది. ఆకాశ్ ప్రాజెక్టు ఐఐటీ రాజస్థాన్ నుంచి ఐఐటీ బొంబాయికి మారింది. 2012 నవంబరు 11న మెరుగైన ఆకాశ్-2ను రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విడుదల చేశారు.

తర్వాత డేటావిండ్ పాకెట్‌సర్ఫర్ పేరునే చవక స్మార్ట్‌ఫోన్లకు తగిలించి, ఏడాదిపాటు ఉచిత నెట్ కలిపి అమ్మింది. డేటాకు వెల ఉన్నంతకాలమే కుదింపుకూ వెల. 2016 సెప్టెంబరులో జియో వచ్చి 4జీని కొన్ని నెలలపాటు ఉచితంగా పంచిపెట్టాక, పేజీని నలిపి పంపమని అడిగేవాళ్లు తగ్గిపోయారు.