సెలవు ఇంటిల్లిపాదికీ దక్కాలి
హైదరాబాదు చుట్టుపక్కల మూడు శరత్కాల ప్రయాణాలు

నైరుతి రుతుపవనాలు వెనుదిరిగి ఆకాశం తేటపడే అక్టోబరు, నవంబరు మాసాలు దక్కను పీఠభూమిని చూడటానికి ఎంతో అనువైన కాలం. చెరువులు నిండి ఉంటాయి. గుట్టలపై పచ్చదనం ఇంకా తగ్గదు. కంది చేలు పసుపుపచ్చని పూతతో, పత్తి చేలు విచ్చుకున్న కాయలతో కళకళలాడుతుంటాయి. మధ్యాహ్నం ఎండ కాసినా వేసవి తాపం ఉండదు. అల్లాహ్ సృష్టిలోని ఈ సౌందర్యం నగరానికి గంటన్నర, మూడు గంటల దూరంలోనే పరచుకుని ఉంది. అయినా మన పిల్లల్లో చాలామందికి శని, ఆదివారాలంటే షాపింగ్ మాల్, సెల్‌ఫోను మాత్రమే గుర్తుకు వస్తున్నాయి.

కుటుంబ సమేతంగా ఒక రోజో రెండు రోజులో బయటికి వెళ్ళి రావడం నేడు మధ్యతరగతి గృహాలకు అసాధ్యమేమీ కాదు. అయితే, ఆ సెలవు ఎవరికి దక్కుతోందన్న ప్రశ్న మనం వేసుకోవాలి.

ఎవరికి విశ్రాంతి?

మన ఇళ్ళలో ప్రయాణం నిశ్చయం కాగానే మొదట పెరిగేది ఇల్లాలి పనే. ఫజ్ర్‌కు చాలా ముందే లేచి బగారా అన్నం, దాల్చా వండాలి, కబాబులు వేయించాలి, పిల్లల బట్టలు, అత్తగారి మందులు సర్దాలి. గమ్యం చేరగానే దస్తర్ఖాన్ పరచి వడ్డించేదీ ఆమే. ఇల్లు చేరాక ఖాళీ గిన్నెలు తోమేదీ ఆమే. అందరూ విహారానికి వెళ్ళివచ్చామని సంతోషిస్తుండగా, ఆమెకు మాత్రం వంటగది ఒక చోటి నుంచి మరొక చోటికి మారినట్లుంటుంది.

ఇక ఇంటి పెద్దల సంగతి. మోకాళ్ళ నొప్పులున్న నానీమా "నేను ఇంట్లోనే ఉంటాలే బేటా, మీరు వెళ్ళి రండి" అంటుంది. ఆ మాటను మనం వెంటనే ఒప్పుకుంటాం. మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో, ఎన్ని మెట్లు ఎక్కాలో, అందరికీ తన వల్ల ఆలస్యమవుతుందేమో అన్న సంకోచమే ఆమె చేత ఆ మాట అనిపిస్తుందని గ్రహించం.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) ఒక ప్రయాణంలో తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారనీ, ఆ పందెంలో ఆమె గెలిచారనీ, కొంతకాలం తర్వాత జరిగిన మరో పందెంలో ఆయన గెలిచి, ఆనాటి దానికి ఇది బదులని సరసమాడారనీ హదీసు గ్రంథాల ద్వారా మనకు తెలుస్తోంది. భార్య ఉల్లాసాన్ని కూడా ప్రయాణంలో భాగంగా చూసిన ఆదర్శం అది. కాబట్టి ప్రయాణాన్ని నిర్ణయించేటప్పుడు ఇంట్లో అందరికన్నా ఎక్కువ అలసిన వ్యక్తిని, అందరికన్నా నెమ్మదిగా నడిచే వ్యక్తిని దృష్టిలో ఉంచుకుని గమ్యాన్ని ఎంచుకోవడం సముచితం. ఆ దృష్టితోనే మూడు దారులను ఇక్కడ పరిచయం చేస్తున్నాం.

మొదటి దారి: మూసీ పుట్టిన అడవికి

నగరానికి పడమర దిశలో సుమారు 75 కిలోమీటర్ల దూరాన, వికారాబాద్ పట్టణానికి ఆనుకుని అనంతగిరి కొండలున్నాయి. ఉదయం వెళ్ళి మగ్రిబ్ వేళకు తిరిగి రాగల ప్రయాణమిది. చేవెళ్ళ మీదుగా సాగే దారిలో మొయినాబాద్ దాటాక మర్రిచెట్లను పిల్లలకు చూపించండి. నిజాం కాలంలో నాటినవని చెప్పే ఈ చెట్లు వందల సంఖ్యలో ఉన్నాయి. రహదారి విస్తరణలో అవి నేలకూలకుండా కాపాడాలని నగర పౌరులు న్యాయపోరాటం సాగించారు.

మన మూసీ నది జన్మస్థానం అనంతగిరి. నగరంలో పెరిగే బిడ్డ మూసీని చూసి ముక్కు మూసుకుంటాడు. అదే నది చెట్ల నడుమ సన్నని నీటిపాయగా మొదలవుతుందని చూసినప్పుడు, దానిని ఆ స్థితికి తెచ్చినది మనమేనన్న సత్యం ఎవరూ చెప్పకుండానే అతనికి బోధపడుతుంది. ఈ నదే 1908 సెప్టెంబరు 28న ఉప్పొంగి నగరంలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ఆనాడు సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. ఆ విపత్తు తర్వాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో వరద నివారణ ప్రణాళిక రూపొందింది. 1920లో మూసీపై ఉస్మాన్ సాగర్, 1927లో దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. తిరుగు ప్రయాణంలో గండిపేట వద్ద కాసేపు ఆగితే నది కథ పిల్లలకు సంపూర్ణమవుతుంది.

ఇక్కడ ఒక మర్యాద పాటించాలి. అనంతగిరిపై అనంత పద్మనాభస్వామి ఆలయం ఉంది. అది మన హిందూ సోదరులకు పవిత్ర స్థలం. దసరా సెలవుల్లోనూ, కార్తీక మాసంలోనూ భక్తులు విశేషంగా వస్తారు. ఆలయ పరిసరాల్లో మాంసాహారం తినడం, వండటం మనకు తగదు. భోజనం దారిలోనో పట్టణంలోనో ముగించుకుని కొండ ఎక్కడం మంచిది. పొరుగువారి మనసు నొప్పించకపోవడం కూడా మన ధర్మంలోని విషయమే.

రెండవ దారి: సీతాఫలాల సీమకు

దక్షిణంగా బెంగుళూరు రహదారిలో షాద్‌నగర్ దాటిన తర్వాత బాలానగర్ వస్తుంది. దేశంలో పేరొందిన సీతాఫలం రకానికి ఈ ఊరి పేరే ఉంది. శరత్కాలంలో ఈ ప్రాంతపు రోడ్ల పక్కన మహిళలు గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంటారు. వీటిలో అధిక భాగం గుట్టల మీద, గట్ల మీద తమంతట తాముగా పెరిగిన చెట్ల కాయలే. వాటిని కోసి, మోసి తెచ్చిన ఆ తల్లుల శ్రమను గుర్తించి, పది రూపాయల కోసం గీచిగీచి బేరమాడకుండా కొనడం పిల్లలకు మనం నేర్పగల మంచి పాఠం.

కొనేటప్పుడు కాయ 'కళ్ళు' చూడాలి. కళ్ళ మధ్య గీతలు వెడల్పై, తెల్లగానో లేత పసుపుగానో మారినవి ముదిరిన కాయలు. వాటిని గట్టిగా ఉన్నప్పుడే కొని ఇంట్లో గడ్డిలోనో బియ్యపు డబ్బాలోనో ఉంచితే రెండు మూడు రోజుల్లో పండుతాయి. మధుమేహం ఉన్న పెద్దలకు మితంగా ఇవ్వాలి. గింజల పొడి కళ్ళకు హాని చేస్తుంది కనుక చిన్నపిల్లల చేతికి గింజలు వదలకూడదు.

అక్కడి నుంచి జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరితే పట్టణానికి దగ్గరలోనే పిల్లలమర్రి ఉంది. నగరం నుంచి సుమారు 100 కిలోమీటర్లు. 700 ఏళ్ళ నాటిదని చెప్పే ఈ మర్రి ఊడలు దిగి, ఎకరాల మేర విస్తరించింది. దాని నీడలో ఒక ముస్లిం మహనీయుని సమాధి కూడా ఉంది. 2018లో చెదలు పట్టి కొమ్మలు విరిగిపడినప్పుడు, రోగికి సెలైన్ ఎక్కించినట్లుగా చుక్కచుక్కగా మందు ఎక్కించి, బరువైన కొమ్మల కింద సిమెంటు స్తంభాలు కట్టి చెట్టును బతికించారు. ముదిమిలో ఉన్న ప్రాణిని ఎలా ఆదుకోవాలో ఆ స్తంభాలు చెబుతాయి. నేల చదునుగా ఉండటం వల్ల నడవలేని పెద్దలకు ఈ చోటు మిక్కిలి అనుకూలం. చెట్టెక్కడం, ఊడలు పట్టుకుని ఊగడం మాత్రం చేయరాదని పిల్లలకు ముందే చెప్పండి.

మూడవ దారి: విద్యానగరం బీదర్‌కు

ఒక రాత్రి బస చేయగల వారికి బీదర్ తగిన గమ్యం. ముంబయి రహదారిలో సంగారెడ్డి, జహీరాబాద్ మీదుగా సుమారు 140 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్న ఈ నగరం నేడు కర్ణాటకలో ఉంది. ఎత్తైన ప్రదేశం కావడం వల్ల సాయంత్రాలు చల్లగా ఉంటాయి. వృద్ధులకు ఒక శాలువా తీసుకువెళ్ళాలి.

1347లో గుల్బర్గాలో నెలకొన్న బహమనీ రాజ్యానికి, 15వ శతాబ్ది తొలి భాగంలో అహ్మద్ షా వలీ కాలం నుంచి బీదర్ రాజధాని అయింది. ఎర్రని జంబిటిట్టి రాతిపై కట్టిన కోట, రాతిని తొలిచి చేసిన మూడు వరుసల అగడ్త, సోలా ఖంబా మస్జిద్, నల్లరాతిలో ముత్యపు చిప్పలు పొదిగిన రంగీన్ మహల్ చూడదగినవి. అయితే, బీదర్ వెళ్ళిన ప్రతి తల్లీతండ్రీ తమ బిడ్డలను ముందుగా తీసుకుపోవలసినది కోటకు కాదు, మహమూద్ గవాన్ మదర్సాకు.

ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుంచి వర్తకునిగా వచ్చిన మహమూద్ గవాన్ తన ప్రతిభతో బహమనీల ప్రధానమంత్రి అయ్యాడు. 1472లో ఆయన నిర్మించిన ఈ మూడంతస్తుల మదర్సాలో పాఠశాల మందిరాలు, మస్జిద్, విద్యార్థులకూ గురువులకూ నివాస గదులు, 3,000 వ్రాతప్రతులున్నదని చెప్పే గ్రంథాలయం ఉండేవి. దూరదేశాల నుంచి పండితులను ఆయన ఆహ్వానించాడు. ఈ మేధావిపై అసూయ చెందిన వారు దొంగలేఖ సృష్టించి సుల్తానుకు చూపారు. నిజానిజాలు విచారించకుండానే మూడవ ముహమ్మద్ షా 1481లో ఆ వృద్ధ మంత్రికి మరణశిక్ష అమలు జరిపించాడు. పొరపాటు తెలుసుకుని కుమిలిన సుల్తాను మరుసటి ఏడాదే మరణించాడు. రాజ్యం క్రమంగా ఐదు ముక్కలైంది. వచ్చిన సందేశాన్ని విచారించకుండా ఫోనులో పదిమందికి పంపే ఈ రోజుల్లో, మన యువకులు ఆ గోడల ముందు నిలబడి వినవలసిన చరిత్ర ఇది. 17వ శతాబ్ది చివర మందుగుండు పేలుడుతో కట్టడంలో కొంత భాగం కూలిపోయింది. మిగిలిన ఒక్క మినార్‌పై రంగుపలకల జాడలు నేటికీ కనిపిస్తాయి.

పట్టణంలో బిద్రీ పనివారి దుకాణాలున్నాయి. జింకు, రాగి కలిపి పోసిన పాత్రపై వెండి తీగ పొదిగి, కోట మట్టిని నవసాగరంతో కలిపి రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తూ నిలుస్తుంది. కొనలేకపోయినా, ఆ పనిని పిల్లలు కళ్ళారా చూడటమే గొప్ప లాభం. బహమనీల కాలంలో భూగర్భంలో తవ్విన కరేజ్ అనే నీటి సొరంగం కూడా ఈ నగర ప్రత్యేకత. అది రెండు కిలోమీటర్లకు పైగా సాగుతుంది.

నమాజ్, వుజూ, వసతి

మన దేశంలో అనేకమంది ఉలమా 48 మైళ్ళను, అనగా దాదాపు 77 కిలోమీటర్లను, షరీఅత్ దృష్ట్యా సఫర్‌కు కనీస దూరంగా చెబుతారు. ఆ లెక్కన బీదర్, మహబూబ్‌నగర్ ప్రయాణాల్లో ఖస్ర్ వర్తిస్తుంది. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు నాలుగుకు బదులు రెండు రకాతులవుతాయి. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే పూర్తిగా చేయాలి. దూరాన్ని నగర పొలిమేర నుంచి లెక్కిస్తారు కనుక అనంతగిరి విషయంలోనూ, రెండు నమాజులు కలిపి చేసే విషయంలోనూ మీ మస్జిద్ ఇమామ్‌ను ముందుగా అడగండి.

పురుషులకు మస్జిద్ ఎక్కడైనా దొరుకుతుంది. స్త్రీలకు వుజూ, నమాజ్ స్థలం ఉన్న మస్జిదులు దారిలో తక్కువ. కారులో రెండు జానమాజ్‌లు, ఒక పెద్ద దుప్పటి, అయిదు లీటర్ల నీళ్ళ డబ్బా ఉంచుకుంటే ఏ చెట్టు నీడనైనా వారికి తెర కట్టవచ్చు. శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకు కనిపించినప్పుడు ఎవరూ అడగకముందే బండి ఆపడం ఇంటి యజమాని బాధ్యత. అడగడానికి మొహమాటపడి నీళ్ళు తాగడమే మానుకునే స్త్రీలు, వృద్ధులు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు.

ప్రాణాల అమానత్

వర్షాల తర్వాత జలాశయాలు నిండి ఉంటాయి. ఒడ్డున ఒండ్రు జారుతుంది, లోతు అంచనాకు అందదు. వికారాబాద్ సమీపంలోని కోటపల్లి జలాశయంలో పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కవద్దు. ఫోటో కోసం నీటి అంచుకు వెళ్ళే యువకులను గట్టిగా వారించండి. అక్టోబరు చివరికి సూర్యాస్తమయం సాయంత్రం 5.45 ప్రాంతానికి వస్తుంది. చీకటి పడకముందే సగం దారి దాటేలా తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి. రాత్రంతా మేలుకున్న వ్యక్తి చేతికి బండి ఇవ్వరాదు. ప్రాణాలు మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్.

ఖర్చు విషయంలోనూ మితం పాటించాలి. అప్పు చేసి విహరించడం వివేకం కాదు. అనంతగిరి ప్రయాణానికి పెట్రోలు, ఒక పూట భోజనం చాలు. సొంత వాహనం లేనివారికి వికారాబాద్, మహబూబ్‌నగర్, బీదర్ మూడింటికీ రైళ్ళు, బస్సులు ఉన్నాయి.

ఇక వంట సంగతి. ఈసారి ప్రయాణానికి ముందు రోజు రాత్రే భర్త, పిల్లలు పనులు పంచుకోండి. గుడ్లు ఉడికించడం ఒకరిది, రొట్టెలు, పండ్లు కొనడం ఒకరిది, మందులు, నీళ్ళు సర్దడం మరొకరిది. మధ్యాహ్న భోజనం దారిలో నమ్మకమైన హలాల్ హోటల్లో చేయండి. తిరిగి వచ్చాక గిన్నెలు పిల్లలు కడగాలి. నానీమాను "వస్తారా?" అని కాక, "మీకు ముందు సీటు ఉంచాం, ఎన్ని గంటలకు బయలుదేరదాం?" అని అడగండి. ఆమె జవాబు ఏమిటో మీరే చూస్తారు, ఇన్షా అల్లాహ్.