చదవకుండా పెట్టిన సంతకం

‘‘సార్, ఫేస్‌బుక్ పెట్టినాయన మీద సినిమా ఉన్నదంట. మన దిక్కు నుంచి ఎవరైనా అట్ల కంపెనీ పెట్టిండ్రా?’’ మా తొమ్మిదో తరగతి విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. మంజీర దాటితే తెలంగాణ, ఇవతల మహారాష్ట్ర. బిలోలి పిల్లలకు ‘మన దిక్కు’ అంటే రెండు ఒడ్లూ.

ఆ సినిమా పేరు ‘ది సోషల్ నెట్‌వర్క్’. 2010లో వచ్చింది, మూడు ఆస్కార్లు గెలిచింది. 2004లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో ఫేస్‌బుక్ ఎలా మొదలైందో చెబుతుంది. తాగుడు, పార్టీల దృశ్యాలు ఉన్నందున క్లాసులో చూపించలేదు. కథగా చెప్పాను.

మార్క్ జుకర్‌బర్గ్ బుర్ర, స్నేహితుడు ఎడ్వర్డో సావరిన్ డబ్బు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. తర్వాత కంపెనీ కాగితాలు ముందు పెడితే, స్నేహితుడే కదా అని ఎడ్వర్డో సంతకం చేశాడు. సినిమాలో అతని వాటా 34.4 శాతం నుంచి 0.03 శాతానికి పడిపోతుంది. నిజ జీవితంలోనూ వాటా తగ్గింది, కేసు నడిచింది, చివరికి రాజీ కుదిరి సహ వ్యవస్థాపకుడిగా అతని పేరు మళ్లీ చేర్చారు.

సినిమాలో కల్పన కూడా ఉందని పిల్లలకు చెప్పాను. ప్రియురాలు వదిలేసిన కసితోనే ఇదంతా మొదలైనట్టు చూపిస్తారు. కానీ తర్వాత భార్య అయిన ప్రిసిల్లా చాన్‌తో ఆయనకు 2003లోనే పరిచయమైంది.

ఇక మన దిక్కు సంగతి. పక్కనే ఉన్న నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ బెంగళూరులో ఇంజినీరు. 2005 దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఏ ఏజెంటుకూ పూర్తిగా తెలియదని అప్పుడు గమనించారు. ఏజెంట్లను, ట్రావెల్స్ యజమానులను, ప్రయాణికులను అడిగి తెలుసుకున్నారు. స్నేహితులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరితో కలిసి 2006లో రెడ్‌బస్ ప్రారంభించారు. 2013లో ఆ కంపెనీని ఐబిబో గ్రూపు కొన్నది. తర్వాత ఆయన తెలంగాణ ప్రభుత్వానికి ముఖ్య ఆవిష్కరణల అధికారిగా పనిచేశారు. ఈ కథ మీద ఇంకా ఎవరూ సినిమా తీయలేదు గానీ, పండుగకు టికెట్ దొరకని బాధ మా పిల్లలకు సినిమా లేకుండానే అర్థమైంది.

మర్నాడు ఒక పని ఇచ్చాను: మీ ఊళ్లో దొరకనిది ఒకటి, అది ఎందుకు దొరకడం లేదో తెలుగులో పది వాక్యాలు రాయండి. ఒకరు బస్సు ఎప్పుడొస్తుందో తెలియక రోడ్డు మీద నిలబడటం గురించి రాశారు. ఒకరు అంగడికి పోయేదాకా పత్తి ధర తెలియదని రాశారు. ఒక అమ్మాయి, నానమ్మ మందు చీటీ ఇంట్లో ఎవరికీ చదవరాదని రాసింది. అదే ప్రశ్న ఇంగ్లిషులో అడిగితే రెండు వాక్యాలు దాటలేదు.

‘‘తెలుగులో చదివితే కంప్యూటర్ దాకా ఎట్ల పోతడు సార్?’’ అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ భయం అబద్ధం కాదు. ఫణీంద్ర కూడా పిలానీ బిట్స్‌లో ఇంజినీరింగ్ ఇంగ్లిషులోనే చదివారు. ఇంగ్లిషు రావాలి, మరాఠీ రావాలి. వాటిని బాగా నేర్పే బాధ్యత మాది, అందులో మా లోపాలు ఉంటే అడగండి. కానీ ఏది లేదో గమనించడం, ఎందుకు లేదని అడగడం, అర్థం కానిదాన్ని ఒప్పుకోకపోవడం, ఇవి పిల్లలకు ముందు ఇంటి భాషలోనే అలవాటవుతాయి.

ఎడ్వర్డోకు ఇంగ్లిషు రాక కాదు, చదవక నష్టపోయాడు. ఈసారి బ్యాంకు కాగితమో, బీమా ఫారమో ఇంటికి వస్తే సంతకానికి ముందు మీ బిడ్డ చేతికివ్వండి. అందులో ఏముందో తెలుగులో చెప్పమనండి. చెప్పలేని చోట ఒక గీత గీసి బడికి పంపండి. మరుసటి రోజు మా పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.