అన్నమాచార్య వర్ధంతి – సాహిత్య పర్వము

ప్రతి సంవత్సరము ఫాల్గుణ బహుళ ద్వాదశి సందర్భమున తిరుమల తిరుపతి దేవస్థానము వారు తాళ్లపాక అన్నమాచార్యుల వర్ధంతి మహోత్సవములను తిరుమల, తిరుపతులలోను, ఆయన జన్మస్థలమైన తాళ్లపాకలోను జరుపుచున్నారు. మెట్లోత్సవము, సప్తగిరి సంకీర్తనల గోష్ఠిగానము, సాహితీ సదస్సులు ఇందులోని అంగములు. పాట వరకు కూర్చుండి, పండితుడు వేదిక నెక్కగానే లేచి వెళ్లువారు ఇట్టి సభలలో ఎక్కడనైనను కనబడుదురు. వారు విడిచిపోవునది ఏమో ఒకింత విచారింతము.

ఈ తిథి ఎవరో ఊహించి పెట్టినది కాదు. రాగిరేకు మీదనే యున్నది. శాలివాహన శకము 1346 క్రోధి సంవత్సరమున, తమ పదునారవ యేట, స్వామి ప్రత్యక్షము కాగా, అది మొదలు శకము 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు ఆచార్యులవారు సంకీర్తనములు చెప్పిరని అందు కలదు. అనగా క్రీ.శ. 1424 నుండి 1503 వరకు. మన ప్రాచీన కవులలో ఇంత నిశ్చయముగ తిథి తెలిసినవారెందరు? నన్నయభట్టారకునకే లేదు.

ఆయన చెప్పినవి ముప్పదిరెండు వేలందురు. దొరకినవి సగమునకు తక్కువ. శ్రీవారి ఆలయములోని సంకీర్తన భండారమున శతాబ్దములు మరుగుపడియున్న రేకులు ఇరువదవ శతాబ్దమున వెలికివచ్చినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారలు వాని పరిష్కరణమునకు పాటుపడిరి. అయితే రేకులలో కీర్తనకు రాగము పేరున్నది గాని స్వరములు లేవు. నేడు మనము వినుచున్న వరుసలు రాళ్లపల్లివారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు మున్నగువారు కట్టినవి. అవి మధురములే, సందేహము లేదు. కాని అన్నమయ్య నోట వెలువడిన వరుసలు కావు.

వేదము సంగతి ఇందుకు విపర్యయము. వ్రాత లేకయే, పద క్రమ జటా ఘన పాఠములతో, ఉదాత్తానుదాత్త స్వరములు చెడక గురుముఖమున వచ్చినది. అన్నమయ్యకు అక్షరము రాగిలో నిలిచినది, స్వరము గాలిలో కలిసినది. కనుక ఆయనదని నిస్సంశయముగ చేత పట్టుకొనదగినది సాహిత్యమొక్కటే.

శ్రీనగర్ కాలనీలోని మీకు ఫిలింనగర్ ప్రక్కనే కదా! 1997లో వచ్చిన ‘అన్నమయ్య’ చలనచిత్రము ఆయనను ఇంటింటికి చేర్చినది. మంచిదే. కాని పల్లవి నోటికి వచ్చినవారికి మూడవ చరణము తెలియదు. జోల, ఉయ్యాల, సువ్వి, జాజర మున్నగు జానపదుల పాటలలో వేదాంతమును పొదిగిన కవి ఆయన. తాళము కొరకు పదమును నడుమ విరిచినచో అర్థమే మారిపోవును. అందుచేత ముందుగా కీర్తనను వచనమువలె చదివి, పదవిభాగము చేసికొని, వేంకటేశ్వర ముద్రగల తుది చరణము వరకు అన్వయము చూచుకొని, పిమ్మట పాడవలెను. మా పాఠశాలలో దీనిని పాఠము ఒప్పగించుట అనెడివారు.

ఈ తిథి సాధారణముగ మార్చి మాసమున వచ్చును. పంచాంగము చూచుకొని బయలుదేరుడు. తాళ్లపాక రాజంపేటకు చేరువనే యున్నది. చెన్నకేశవస్వామిని దర్శించుకొని, సదస్సు ముగియువరకు కూర్చుండుడు.